ఊపిరిని కొలవబోయిన రోజులు

ఉద్యోగం ఎలా దొరికింది, ఏ ఏడు ఏ మెట్టు ఎక్కాను, ఎవరు సంతకం పెడితే ఎక్కాను లాంటివి ఇందులో ఉండవు. అవన్నీ నా పెన్షను ఫైలులో ఉన్నాయి, వాటిని చదివే నాథుడు లేడు. మొన్న మా చెల్లెలి కూతురు వచ్చింది. రోగాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పని దొరికిందట. "పెద్దమ్మా, నువ్వు నలభై ఏండ్లు గిదే పని జేసినవు గదా, మొదట్ల ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది.

"తప్పు చేసినప్పుడు ముందుగాల ఎవరికి చెప్పాలెనో నేర్చుకో" అన్నాను.

పిల్ల ముఖం వాడిపోయింది. పాపం, ఏవో పుస్తకాల పేర్లు చెబుతాననుకుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నా మొదటి కొలువులో మేము చేసిన తప్పును తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నవ్వుతాను. పక్కింటివాళ్లు నాకేదో అయిందనుకుంటారు.

దమ్ము దవాఖాన

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు ముగించి మేడ్చల్‌లో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా నాయిన రైల్వే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆదివారం చర్చిలో ఎవరో ఆయనతో చెప్పారు, శామీర్‌పేటలో చెరువు పైనున్న తోట బంగళాలో నర్సు కావాలంటున్నారని.

ఆ బంగళా ఒక జాగీర్దారు భార్యది. అందరూ బేగం సాహెబా అనేవారు. ఆవిడకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మా దిక్కు ఊపిరినీ, ఆ జబ్బునూ కూడా దమ్ము అనే అంటారు. భర్త పోయాక ఆవిడ తనకు రెండు గదులు ఉంచుకుని, మిగతా బంగళా అంతా ఆ ఒక్క రోగాన్ని పరిశోధించడానికి ఇచ్చేశారు. ఫీజు లేదు, లాభం లేదు. కాగితాల మీద దానికి బారెడు పేరుండేది. ఊళ్లో మాత్రం దమ్ము దవాఖాన అంటేనే తెలిసేది.

ఆవిడ ఘోషా పాటించేవారు. నన్ను పనిలోకి తీసుకున్న రోజున, ఆడదాన్ని కాబట్టి, పరదా లోపలికి రానిచ్చారు. యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, ముక్కుకు చిన్న పుడక, కళ్లలో అల్లరి.

"నీకు రాసుడు వస్తదా బేటీ?"

"వస్తదమ్మా."

"కొట్లాడుడు?"

నేను తెల్లబోయాను.

"మా డాక్టర్ సాబ్ మస్తు తెలివిగల్లోడు. కానీ అన్నిటికి జల్దీ. ఆయనతోని కొట్లాడేటోళ్లు ఒకళ్లు కావాలె. మందు కాచే గనీ సాబ్ ఉన్నడు కానీ, ఆయనకు కోపమే రాదు."

డాక్టర్ నరహరి గారు నిజంగానే జల్దీ మనిషి. నలభై దాటినా మెట్లు రెండేసి ఎక్కేవారు. నిలబడే అన్నం తినేవారు. ఏ మందైనా రోగికి ఇచ్చే ముందు తాను తాగి, గంటసేపు నాడి పట్టుకుని కూర్చునేవారు. సంతోషం వస్తే తొడ చరుచుకునేవారు, అది రోజుకు నాలుగైదు సార్లు వచ్చేది. గనీ సాహెబ్ మా రసాయన శాస్త్రజ్ఞుడు. గడ్డం, కళ్లజోడు, ఒంటినిండా అడ్డసరం ఆకు వాసన. అడ్డసరాన్ని మేకలు కూడా ముట్టవు. ఆయన దాన్ని ఇత్తడి గంగాళాల్లో మరిగించి, వడకట్టి, బెల్లం పాకం కలిపి షర్బత్ తీసేవారు. ఆయన దారిన వెళ్తే ఊరి మేకలు పక్కకు తప్పుకునేవని డాక్టర్ గారు ఆటపట్టించేవారు.

ఇంత కష్టం ఎందుకంటే, ఉబ్బసానికి అప్పట్లో ఎఫెడ్రిన్ మాత్రలు పని చేసేవి. అవి ఓడల్లో రావాలి. యుద్ధంలో ఓడలు ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో తెలియదు. మా దగ్గరున్న కాసిని మాత్రలను చిన్న తగరపు డబ్బాల్లో పోసి రోగులకు ఇచ్చేవాళ్లం. దమ్ము లేచినప్పుడు ఒకటి వేసుకోవాలి. అవి అయిపోయేలోగా మన కంచెల్లో పెరిగే ఆకుతో మందు తయారైతే ఎవరి ఓడ కోసమూ ఎదురు చూడనక్కర్లేదు. ఆ ఆశతోనే మేమంతా తెల్లారి లేచేవాళ్లం. జీవితంలో ఆ తర్వాత పెద్ద పెద్ద భవనాల్లో పని చేశాను గాని, పనికి వెళ్లడానికి అంత ఉబలాటం మళ్లీ ఎక్కడా కలగలేదు.

మీ దయతోని మంచిగున్న

నా పని ఇంటింటికి తిరగడం. ఎద్దుబండిలో శామీర్‌పేట, తుర్కపల్లి, అటు మేడ్చల్, కండ్లకోయ. షర్బత్ ఇవ్వడానికి ముందు ఎవరి దమ్ము ఎంతుందో అడిగి పుస్తకంలో రాయాలి.

నెల తిరిగేసరికి పుస్తకం నింపి డాక్టర్ గారి ముందు పెట్టాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి తలెత్తారు.

"ఏందమ్మా రూతమ్మా, అందరికి మంచిగుందని రాసినవు?"

"వాళ్లు గట్లనే చెప్పిండ్రు సారూ."

అబద్ధం కాదు. తుర్కపల్లిలో ఒక వడ్రంగి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి వంగి కూర్చున్నాడు. గుండెలో పిల్లికూతలు గుమ్మం దాకా వినబడుతున్నాయి. "ఎట్లుందే?" అంటే, మూడు సార్లు ఆగి ఆగి, "మీ దయతోని... మంచిగున్న... తల్లీ" అన్నాడు. నేను రాసుకున్నాను. ఇంటికొచ్చిన మనిషితో బాగాలేదని చెప్పడం మా వాళ్లకు చేతకాదు. అడిగినందుకే మొహం కళకళలాడుతుంది, ఆపైన ఆ అడిగినామెను బాధపెడతారా?

డాక్టర్ గారు పుస్తకం మూసేశారు. "మందు ఇయ్యకముందే అందరికి మంచిగుంటే ఇగ మనమెందుకు? తాళమేసి పోదాం పా!"

గనీ సాహెబ్ గంగాళం కలుపుతూనే అన్నారు. "మనిషి నోరు అడగొద్దు డాక్టర్ సాబ్. మనిషి దమ్మునే అడగాలె."

ఆ మాటకు డాక్టర్ గారు తొడ చరుచుకున్నారు.

చెక్క

ఊపిరి కొలిచే యంత్రాలు తెల్లదొరల సీమలో ఉన్నాయని ఆయన చదివారు. తెప్పించే స్తోమత లేదు, ఓడలు లేవు. వారం రోజులు కింద మీద పడి ఒక చెక్క చేయించారు. ఆరు జానెల పొడుగు, జానెడుకొక గీత. రోగి ఒక చివర గడ్డం ఆనించి కూర్చోవాలి. గీత మీద దీపం పెట్టాలి. ఒక్క ఊపున ఊది ఆర్పాలి. ఆరితే దీపాన్ని ఇంకో గీత వెనక్కి జరపాలి. ఎంత దూరంలో ఆర్పగలిగితే అంత ఊపిరి ఉన్నట్టు. అబద్ధానికి తావు లేదు, మర్యాదకు తావు లేదు.

మేమంతా పోటీపడి ఊదాం. గనీ సాహెబ్ ఐదు జానెలు, నేను నాలుగు, డాక్టర్ గారు ఆరు జానెలూ ఆర్పి గుక్కతిప్పుకోలేక కూలబడ్డారు. నవ్వలేక మాకు కడుపులు చెక్కలయ్యాయి. అంత తెలివైన పని ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరని ముగ్గురం నమ్మాం. మా పిల్లలాగే కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ల కోసం చెబుతున్నాను. అలా నమ్మిన రోజున ఒకసారి బయటికి వెళ్లి, దారిన పోయే మనిషికి మీ పద్ధతి వివరించి చూడండి. మేము వివరించలేదు.

దీపాన్ని బండిలో మోసుకెళ్లడం దేనికని ఎవరింటి దీపంతో వాళ్లనే కొలిచాను. చెక్క చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఊదమంటే ఊదారు. జానెడు, మహా అయితే రెండు జానెలు. ఆ ఊపిర్లు చూసి నా గుండె తరుక్కుపోయింది. పాపం, ఇంత తక్కువ ఊపిరితో ఎలా బతుకుతున్నారో అనుకుంటూ బండిలో కళ్లు తుడుచుకున్నాను.

ఇక షర్బత్ మొదలైంది. మూడు నెలలు పొద్దునా సాయంత్రం ఒక్కో గరిటె.

రెండోసారి కొలవడానికి బయల్దేరే ముందు నాకొక ఆలోచన వచ్చింది. ఒకరింట్లో వత్తి లావు, ఇంకొకరింట్లో సన్నం. ఒకరిది ఆముదం, ఒకరిది నువ్వుల నూనె. "సారూ, మా చర్చిల మైనపువత్తులు ఉంటయి. అన్ని ఒక్క తీరు మండుతయి. పాస్టరమ్మను అడిగి తెస్త" అన్నాను. డాక్టర్ గారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు నర్సువు కాదు రూతమ్మా, సైంటిస్టువు" అన్నారు. నేను ఆ రోజు భూమ్మీద నడవలేదు.

ఆ కొలతలు చూసి మతిపోయింది. జానెడు దాటని వాళ్లు నాలుగు జానెలు ఆర్పుతున్నారు. మోకాళ్ల మీద చేతులానించిన ఆ తుర్కపల్లి వడ్రంగి మూడు జానెలు ఆర్పి, నవ్వాడు కూడా. అందరి ఊపిర్లూ ఒక్కసారిగా పెరిగిపోయాయి. నేను పుస్తకం ఛాతీకి హత్తుకుని బండి దిగి పరిగెత్తాను. డాక్టర్ గారు లెక్కలు చూసి గనీ సాహెబ్‌ను నడుము పట్టుకుని ఎత్తి తిప్పారు. గనీ సాహెబ్ కళ్లజోడు గంగాళంలో పడింది. ముగ్గురం చేతులు మోచేతుల దాకా షర్బత్‌లో పెట్టి వెతికాం, నవ్వి నవ్వి ఎవరికీ అందలేదు. లోపలి నుంచి బేగం సాహెబా, "ఏందా గడ్‌బడ్? నాక్కూడా జెప్పుండ్రి!" అని కేకలు.

ఇద్దరికి మాత్రం ఏమీ మారలేదు. మేడ్చల్‌లో ఒక దర్జీ సాయెబు, మా చర్చిలో విక్టోరియమ్మ. వీళ్లు మొదటిసారీ మూడు జానెలే, ఇప్పుడూ మూడు జానెలే. డాక్టర్ గారు వాళ్లిద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు ఆలోచించి, వీళ్లిద్దరే చాయ్ తాగుతారని కనిపెట్టారు. మిగతా ఊళ్లవాళ్లకు అప్పటికింకా చాయ్ అలవాటు లేదు. చాయ్ షర్బత్‌ను చంపేస్తోందని నాలుగు పేజీలు రాసి, ఇద్దరికీ చాయ్ బంద్ చేయించారు. విక్టోరియమ్మ చర్చి మెట్ల మీదే నన్ను నిలబెట్టి, "దమ్ము పోలే, ఉన్న చాయ్ పాయె! ఏం దవాఖాననే మీది?" అని దులిపేసింది.

అందరితో పాటు నడవని ఆ ఇద్దరే మాకు నిజం చెబుతున్నారు. మేము వాళ్ల నోట్లోంచి చాయ్ గ్లాసు లాక్కున్నాం.

డబ్బాలు

ఆదివారం సభ పెట్టాలని నిర్ణయమైంది. పట్నం నుంచి పెద్ద డాక్టర్లు వస్తారు, వాళ్ల ముందు షర్బత్ సంగతి ప్రకటిస్తారు. మిగిలిన మాత్రలు అత్యవసరం ఉన్న పెద్ద ఆసుపత్రికి ఇచ్చేస్తారు. కాబట్టి నేను ఇల్లిల్లూ తిరిగి చివరిసారి కొలిచి, మాత్రల డబ్బాలు వెనక్కి తేవాలి. అందరికంటే ముందు బేగం సాహెబా తన డబ్బాను, కొలతలు వచ్చిన రోజే, నా చేతిలో పెట్టారు. "మొదలు నేనే ఇడిచిపెడ్త. దవాఖాన నాది గదా" అన్నారు గర్వంగా.

గురువారం నాటికి నా సంచిలో తొమ్మిది డబ్బాలు చేరాయి. అడగ్గానే ఇచ్చేశారు అందరూ. ఒక్కరూ ఎందుకని అడగలేదు. చివరి ఇల్లు శామీర్‌పేటలోనే, బాలవ్వది. కొడుకూ కోడలూ పొలం పోతారు, బాలవ్వ వండుతుంది. అరవై ఏళ్ల ముసలమ్మ, నన్ను చూస్తే చాలు జొన్నరొట్టె చేతిలో పెట్టేది.

మైనపువత్తులు తుర్కపల్లిలోనే అయిపోయాయి. సరే, బాలవ్వ ఇంటి దీపమే తెమ్మన్నాను. చెక్క పరిచాను. పోయినసారి ఆమె నాలుగు జానెలు ఆర్పింది. నాలుగో గీత మీద దీపం పెట్టాను. ఊదింది. వత్తి కదల్లేదు. మూడుకు తెచ్చాను. రెండుకు తెచ్చాను. జానెడు దూరంలో కూడా దీపం అలా వెలుగుతూనే ఉంది.

నెలలోపే ఇంత దిగజారిందంటే ఈ అవ్వ ఎన్నాళ్లుంటుంది? పైగా నేను డబ్బా పట్టుకుపోవడానికి వచ్చాను. "అవ్వా, పానం ఎట్లుంది?" అంటే, "మీ దయతోని మంచిగుంది బిడ్డా" అంది. ఇక ఆమెను ఏం అడగను?

పుస్తకం తెరిచి జానెడు కూడా లేదని రాస్తున్నాను. బాలవ్వ లేచి, ఎసరు మరగడం లేదని పొయ్యి దగ్గర కూర్చుని ఊదుగొట్టం అందుకుంది. ఒక్క ఊదు ఊదింది. పొయ్యిలో మంట భగ్గుమని లేచి కుండ మెడ దాకా ఎగిసింది. బూడిద వచ్చి నా పుస్తకం మీద పడింది.

నేను కలం కింద పెట్టేశాను.

"అవ్వా! గంత దమ్మున్నది నీకు! గీ దీపం ఎందుకు ఆర్పకపోతివి?"

బాలవ్వ ఊదుగొట్టం దించి, నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "అయ్యో బిడ్డా, దీపాన్ని నోటితోని ఊది ఆర్పుతరా ఎవలన్న? పాపం గాదు? పువ్వుతోని కొండెక్కియ్యాలె. నువ్వేమో ఊదుమంటివి. నీ మాట కాదనొద్దని జర ఊదినట్టు జేసిన."

"మరి పోయినసారి నాలుగు జానెల నుంచి ఆర్పినవు గదా?"

"గది దీపమా? మీ దొరల మైనపు పుల్ల గది. దానికేం పాపం?"

నేను మొదట నవ్వాను. నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఊళ్లకు ఊళ్లు, మగవాళ్లూ ఆడవాళ్లూ, డాక్టర్ గారి మాట కాదనలేక, దీపానికి అపచారం చేయలేక, చెక్క మీద గడ్డం పెట్టి ఉత్తుత్తి ఊపిరి వదిలారు. నేను వాళ్లను చూసి బండిలో ఏడ్చాను. దర్జీ సాయెబుకూ విక్టోరియమ్మకూ ఆ పట్టింపు లేదు, మొదటిసారే గట్టిగా ఊదారు. మూడు నెలల షర్బత్ చేసిందేమీ లేదు. తేడా అంతా దీపానికీ మైనపువత్తికీ ఉన్న తేడా. మా ఇంట్లో పుట్టినరోజుకూ పండుగకూ మైనపువత్తులు ఊది పెరిగిన దాన్ని నేను, నాకు తట్టలేదు. డాక్టర్ గారింట్లో వాళ్ల అమ్మ కూడా పువ్వుతోనే ఆర్పేదట. ఆయన చదువులో పడి మరిచిపోయారు.

బాలవ్వ కూడా నాతో పాటు నవ్వుతూ, గూట్లోంచి తన డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. "తీస్కపోతనంటివి గదా. తీస్కపో."

నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత తీశాను. నెలకని ఇచ్చిన మాత్రల్లో అడుగున నాలుగే మిగిలాయి. షర్బత్ తాగుతూనే ఆమె మాత్రలు వేసుకుంటోంది, వాటి మీదే నిలబడి ఉంది. సంచిలోని డబ్బాలు ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నీ అంతే. చలికాలం నెత్తి మీదుంది. డబ్బాలు పట్టుకుపోతే ఈ పదిమందీ మంచిగున్నామంటూనే పోతారు.

డబ్బా బాలవ్వ చేతిలోనే పెట్టేశాను. నా మొత్తం ఉద్యోగంలో పైవాళ్ల మాట దాటిన మొదటిసారి అది.

కొత్త షేర్వానీ

బంగళాకు వెళ్లేసరికి డాక్టర్ గారు సభ కోసం కుట్టించుకున్న షేర్వానీ తొడుక్కుని అద్దం ముందు తిరుగుతున్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎలా చెప్పను? గుమ్మంలోనే ఆగాను. రేపు చెబుదామా అనిపించింది. రేపటికి ఇంకా ఉత్తరాలు వెళ్తాయి, ఎల్లుండికి అతిథులు బయల్దేరతారు. తప్పు వయసు పెరిగే కొద్దీ చెప్పేవాడి గొంతు తగ్గుతుంది. అందుకే ముందుగా ఎవరికి చెప్పాలో నేర్చుకోమన్నాను. తప్పు ఎవరికి ఎక్కువ బాధ కలిగిస్తుందో వాళ్లకే ముందు చెప్పాలి, అదీ ఆ రోజే.

ఒక్క గుక్కలో చెప్పేశాను. దీపం, పువ్వు, మైనపువత్తి, ఊదుగొట్టం, డబ్బాలు.

ఆయన షేర్వానీ గుండీలు ఒకటొకటే విప్పారు. కుర్చీ ఉన్నా నేల మీద కూర్చున్నారు. నన్ను తిడతారనుకున్నాను. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. తల ఎత్తితే నవ్వుతున్నారు, కళ్లలో నీళ్లు మాత్రం నిజమైనవే.

"మా అమ్మ ఉంటె చెంప పగలగొడ్తుండె" అన్నారు. తర్వాత ముఖం పాలిపోయింది. "డబ్బాలు యాడున్నయి?"

"నా సంచిల."

"మొత్తం?"

"బాలవ్వది ఇడిచిపెట్టి వచ్చిన. మీరు కోప్పడ్డా సరే అని."

"మంచి పని జేసినవు. బండి కట్టుమను. నేను సైకిల్ మీద తుర్కపల్లి పోత, నువ్వు మేడ్చల్ దిక్కు పో."

అప్పటిదాకా గంగాళం పక్కన నిలబడి విన్న గనీ సాహెబ్, కష్టపడి కాచిన షర్బత్‌ను గరిటెతో ఒకసారి తీసి వాసన చూశారు. "మాత్రలు ఎన్ని తగ్గినయో లెక్కబెడ్తే అయిపోతుండె గదా" అన్నారు మెల్లగా. ముగ్గురికీ ఆ ఆలోచన మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. అంత తేలిక పని మాకు పనిలా కనిపించలేదు.

శుక్రవారం చీకటి పడేలోగా డబ్బాలన్నీ ఇళ్లకు చేరాయి. ఇచ్చేటప్పుడు కూడా ఎవరూ ఎందుకని అడగలేదు. తుర్కపల్లి వడ్రంగి డబ్బాను రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడని డాక్టర్ గారు వచ్చి చెప్పారు. అది చెబుతున్నప్పుడు ఆయన తొడ చరుచుకోలేదు.

సభ

సభ ఆపేద్దామని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పిలిచినం. వస్తరు. ఉన్నది ఉన్నట్టు చెప్దాం" అన్నారు. బేగం సాహెబాకు ముందే చెప్పాలని శనివారం రెండుసార్లు పరదా దాకా వెళ్లి, ఆవిడ హుషారుగా వంటలు పురమాయిస్తుంటే నోరు రాక వెనక్కి వచ్చేశారు. అది ఆయన తప్పు. నాదీ తప్పే, నేను లోపలికి వెళ్లగలిగేదాన్ని, వెళ్లలేదు.

ఆదివారం పొద్దున పట్నం పెద్దలు బారుగా కుర్చీల్లో కూర్చున్నారు. పక్కన పరదా వెనుక బేగం సాహెబా. డాక్టర్ గారు కొత్త షేర్వానీ వేసుకోకుండా పాత కోటులోనే వచ్చి నిలబడ్డారు.

"మా మందు పని చెయ్యదు" అన్నారు మొదటి మాటగా. తర్వాత చెక్క ఎత్తి చూపించి మొత్తం చెప్పారు. తన పేరు తప్ప ఎవరి పేరూ తప్పు దగ్గర చెప్పలేదు. కనిపెట్టిన దగ్గర మాత్రం, "మా రూతమ్మ కనిపెట్టింది, బాలవ్వ నేర్పింది" అన్నారు. ఆరు నెలలు గడువిస్తే ఊదుగొట్టంతో దూది ఉండను దొర్లించి మళ్లీ కొలుస్తామన్నారు. తర్వాత అలాగే కొలిచాం కూడా. షర్బత్ కఫాన్ని కరిగిస్తుంది గాని దమ్మును ఆపదని తేలింది. దర్జీ సాయెబుకూ విక్టోరియమ్మకూ మాత్రం ఆ ఆదివారమే చాయ్ తిరిగి ఇప్పించాం.

ముందు వరుసలో ఒక పెద్దాయన, "దీపం పెట్టి రోగం కొలిచిండ్రా?" అని పెదవి విరిచారు. దవాఖాన అక్కడితో మూతపడిందనే అనుకున్నాను.

అప్పుడు పరదా వెనుక నవ్వు మొదలైంది. సన్నగా, తర్వాత పెద్దగా. విన్నవాళ్లు ఒక్కొక్కరే నవ్వసాగారు. కాసేపటికి ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు పిల్లికూతల్లోకి దిగింది. నేను లోపలికి పరిగెత్తాను.

ఆవిడ వంగి, చేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉన్నారు. పెదవులు నీలం. మంచం మీద నాలుగు దిండ్లు గోడకు నిలువుగా పేర్చి ఉన్నాయి. పడుకునే మంచం కాదది, కూర్చుని తెల్లవార్చే మంచం. పదకొండో డబ్బా నా గుండెలో చప్పుడు చేసింది. అందరి ఇళ్లకూ పరిగెత్తాం, ఆవిడ డబ్బా నా బీరువాలోనే ఉంది. ఆవిడను నేను ఒక్కసారి కూడా చెక్క ముందు కూర్చోబెట్టలేదు. యజమానిని ఊదమని ఎలా అడగనని, "మంచిగున్నదని రాసుకో" అంటే రాసుకున్నాను. పిల్లలూ, మీ పై అధికారినే మొదట కొలవండి. చేతులు జోడించి చెబుతున్నాను.

పరదా కింది నుంచి డాక్టర్ గారి చెయ్యి వచ్చింది, అందులో అడ్రినలిన్ సూది. గుచ్చాను. నిమిషాలు లెక్కపెట్టాను. ఊపిరి తెరిపిచ్చింది. తర్వాత బీరువా దగ్గరికి పరిగెత్తి డబ్బా తెచ్చి మాత్ర ఇచ్చాను.

"ఎన్ని దినాలసంది అమ్మా గిట్ల?"

"నీకు డబ్బా ఇచ్చినప్పటిసంది బేటీ. కూసొనే పండుకుంటున్న."

"నాకు జెప్పద్దా?"

"డాక్టర్ సాబ్ గంత ఖుషీగ ఉండె. ఎట్ల జెప్పాలె?"

నేను ఆవిడ చేతులు పట్టుకుని భోరుమన్నాను. ఆవిడ నా తల నిమిరి, కొంగు సర్దుకుని, పరదా వైపు తిరిగి గొంతు పెంచారు.

"డాక్టర్ సాబ్! మీ మందు గెలిస్తే నేను మర్యాదకు సచ్చిపోతుంటి. ఓడింది గనుక బతికిన. ముబారక్! ఇంకో ఆరు నెలలు గాదు, ఎన్ని దినాలు కావాల్నంటే గన్ని దినాలు కొలువుండ్రి. బిర్యానీ సల్లగైతుంది, ముందుగాల తినుండ్రి."

పెదవి విరిచిన పెద్దాయనే మొదట చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం అతిథులు వెళ్లాక బంగళాలో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. గనీ సాహెబ్ గంగాళాలు కూడా కడగనివ్వలేదు, చప్పుడవుతుందని. బేగం సాహెబా దిండ్లన్నీ తీయించి, ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. గుర్రు వసారా దాకా వినబడుతోంది. డాక్టర్ గారు పరదా బయట నేల మీద కూర్చుని, గడియారం చేత్తో పట్టుకుని ఆ ఊపిర్లు లెక్కపెడుతున్నారు. లేచి అన్నం తినమంటే నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. మందు పని చేసిందనుకున్న రోజున కూడా ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.